దో దూనీ చార్: తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా

తార్నాక అనే పేరులో తెలుగు ముక్క ఒక్కటీ లేదు. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. నిజాం కాలంలో ఇక్కడ ముళ్లతీగ కంచె వేసి కాపలా పెట్టారని, ఆ చౌకీ పేరే బస్తీ పేరైందని పాతవాళ్లు చెబుతారు. పక్కనున్న హబ్సిగూడ కూడా ఇలాంటిదే. ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం కొలువులో సిపాయిలుగా ఉన్న హబ్షీల పేరు మీద వచ్చిందంటారు. ఇటు లాలాగూడ, అటు అడిక్‌మెట్, ఇంకాస్త దూరాన మౌలాలి. బస్ బోర్డు మీద పేర్లు వరసగా చదువుకుంటూ పోతే ఈ నేలమీద ఎన్ని భాషలు కాపురం చేశాయో తెలిసిపోతుంది.

ఒక శనివారం పొద్దున్నే తార్నాక మెట్రో దిగి, సాయంత్రం దాకా ఈ చుట్టుపక్కలే తిరిగాను. చార్మినార్ వైపు హెరిటేజ్ వాకులు చాలానే జరుగుతాయి. తార్నాకలో ఎవరూ పెట్టరు. చూడ్డానికి ఏముంది? మెట్రో పిల్లర్లు, హాస్టళ్ల బోర్డులు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, ఆర్టీసీ ఆస్పత్రి, ఆరాధనా టాకీసు. కానీ నేను చూడాలనుకున్నది కట్టడాల చరిత్ర కాదు. చదువు ఏ భాషలో ఉండాలి అనే ప్రశ్న. ఆ ప్రశ్నకి ఈ రెండు మూడు కిలోమీటర్ల మేర వందేళ్లలో రకరకాల జవాబులు వచ్చాయి. వచ్చిన ప్రతి జవాబూ కొందరికి తలుపు తీసింది, కొందరి మొహం మీద వేసింది.

చౌరస్తా దగ్గర హోటల్లో టీ తాగుతుంటే గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన ఒక కస్టమర్‌తో ఉర్దూలో, వంటమనిషితో తెలుగులో, ఫోన్లో ఎవరితోనో హిందీలో మాట్లాడుతున్నాడు. చిల్లర లెక్క మాత్రం ఉర్దూలో, నోట్లోనే. మా తాత గుర్తొచ్చాడు. ఆయన మా ఊళ్లో నిజాం కాలపు బడిలో చదివాడు. ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే, భాగవతం పద్యాలూ తెలుగే. లెక్క మాత్రం "దో దూనీ చార్". మా నాన్న "రెండు రెళ్లు నాలుగు". నేను "టూ టూజా ఫోర్". ఒకే ఇల్లు, మూడు తరాలు, మూడు ఎక్కాలు. తెలంగాణలో ఇలాంటి ఇళ్లు వేలల్లో ఉంటాయి. ఈ మూడు ఎక్కాలకీ ఉస్మానియాతో సంబంధం ఉంది.

*

తార్నాక నుంచి యూనివర్సిటీ వైపు నడుస్తుంటే దారిలో జాతీయ పోషకాహార సంస్థ వస్తుంది. అందరూ ఎన్ఐఎన్ అంటారు. 1918లో తమిళనాడు కొండల్లో, కూనూరులో, బెరిబెరి వ్యాధి మీద మెకారిసన్ అనే డాక్టరు మొదలుపెట్టిన చిన్న పరిశోధన దీనికి మూలం. 1958లో హైదరాబాద్ వచ్చింది. ఇక్కడ సి. గోపాలన్ బృందం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చేది జొన్నల సంగతి. పెల్లాగ్రా అనే వ్యాధి మొక్కజొన్న తినేవాళ్లకే వస్తుందని ప్రపంచమంతా అనుకుంటున్న రోజుల్లో, దక్కనులో జొన్నన్నం, జొన్నరొట్టె తప్ప ఇంకేం దొరకని పేదలకి కూడా అది వస్తోందని వీళ్లు గమనించారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ దానికీ సంబంధం ఉండొచ్చని గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్‌లో రాశారు.

అంటే మన ఊళ్లలో జొన్నన్నం తినే కూలీ ఒంటిమీది మచ్చల గురించిన కబురు లండన్ పత్రికలో అచ్చయింది. అచ్చవడం మంచిదే, లేకపోతే ప్రపంచానికి తెలిసేది కాదు. కానీ ఆ కూలీ కొడుకు చదువుకుని, ఆ పరిశోధనని తన భాషలో చదివి, దాంతో వాదన పెట్టుకోగల రోజు రావాలని కోరుకున్నవాళ్లు కూడా ఈ రోడ్డు మీదే ఉన్నారు. ఆ కోరిక పుట్టి వందేళ్లు దాటింది.

*

1917 ఏప్రిల్‌లో అప్పటి హోం సెక్రటరీ అక్బర్ హైదరీ ఏడో నిజాంకి ఒక విజ్ఞాపన ఇచ్చాడు. పరాయి భాషలో చదువు చెబితే పిల్లల బుర్ర సగం భాషకే ఖర్చవుతుంది, చదువుకున్నవాళ్లకీ మామూలు జనానికీ మధ్య గోడ లేస్తుంది, కాబట్టి మన భాషలోనే విశ్వవిద్యాలయం కావాలి అని దాని సారాంశం. నిజాం వెంటనే ఫర్మానా ఇచ్చాడు. 1918లో ఉస్మానియా పుట్టింది. 1919 ఆగస్టులో అబిడ్స్ దగ్గర, గన్‌ఫౌండ్రీలో, 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో పాఠాలు మొదలయ్యాయి. బోధన ఉర్దూలో. ఇంగ్లీషు అందరూ చదవాల్సిన ఒక సబ్జెక్టు, అంతే.

ఇది ఆ రోజుల్లో మామూలు సాహసం కాదు. కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలన్నీ ఇంగ్లీషులో నడుస్తున్న కాలం. టాగోర్ ఈ ప్రయత్నాన్ని మెచ్చుకుంటూ హైదరీకి ఉత్తరం రాశాడు. ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఇంజనీరింగ్ కాలేజీలో ఇంజనీరింగ్, లా కాలేజీలో న్యాయశాస్త్రం, అన్నీ ఉర్దూలోనే.

మరి పుస్తకాలు? దానికోసం యూనివర్సిటీ కన్నా ముందే దారుల్ తర్జుమా, అంటే అనువాద శాఖ, పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హక్ దాని మొదటి అధిపతి. కవి జోష్ మలీహాబాదీ కూడా కొన్నాళ్లు ఇందులో కొలువు చేశాడు. చరిత్ర, తత్వం, గణితం, రసాయనం, వైద్యం, వందల పుస్తకాలు ఉర్దూలోకి వచ్చాయి. ఒక్కో శాస్త్రానికి పారిభాషిక పదాల కోసం కమిటీలు కూర్చునేవి. కొత్త మాట అరబ్బీ ధాతువు నుంచి తియ్యాలా, పార్సీ నుంచా, లేక హిందీ పలుకుబడి నుంచా, ఇంగ్లీషు మాటనే ఉంచేయాలా అని గంటలు గంటలు వాదులాట. పదాలు పుట్టించడానికి సూత్రాలు చెబుతూ వహీదుద్దీన్ సలీం 1921లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. కవితా దాట్ల అనే చరిత్రకారిణి ఈ ప్రయత్నం మీద ఇంగ్లీషులో ఒక మంచి పుస్తకం రాశారు. ఉర్దూని ఒక మతం భాషగా కాక, ఆధునిక లౌకిక జ్ఞానానికి సరిపోయే దేశభాషగా తయారుచెయ్యాలన్నది వీళ్ల కల అని ఆవిడ వాదన. నాకు ఆ వాదన సబబుగానే అనిపిస్తుంది.

కానీ అక్కడే ముల్లు ఉంది. హైదరాబాద్ సంస్థానంలో ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు సుమారు పదో వంతు. తెలుగువాళ్లు సగానికి కాస్త తక్కువ, మరాఠీలు పావు వంతు, కన్నడిగులు మరో పదో వంతు. 'మన భాషలో చదువు' అన్నప్పుడు ఆ 'మన'లో ఎవరున్నారు? ఇంగ్లీషు పిల్లల బుర్ర తినేస్తుందని హైదరీ చెప్పిన మాట పాలమూరులోనో, నల్లగొండలోనో పుట్టిన తెలుగు పిల్లాడికి ఉర్దూ విషయంలో కూడా అక్షరాలా వర్తిస్తుంది.

తెలుగు శాఖ లేదని కాదు. మొదటినుంచీ ఉంది. రాయప్రోలు సుబ్బారావు ఇక్కడికొచ్చి తెలుగు చెప్పాడు. కానీ తెలుగు ఇక్కడ ఒక సబ్జెక్టు. కవిత్వం చెప్పుకోడానికి తెలుగు, భౌతికశాస్త్రం చెప్పుకోడానికి ఉర్దూ. ఒక భాషని ఇంటికీ గుడికీ కవిత్వానికీ పరిమితం చేసి, లెక్కలకీ కోర్టుకీ ల్యాబుకీ ఇంకో భాష పెడితే ఏమవుతుందో మా తాత ఎక్కంలో ఉంది.

1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధినిలో కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు నిక్షేపంగా నడిచాయి. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడ్డానికి లేచేసరికి గేలిచేసి, చప్పట్లు కొట్టి కూర్చోబెట్టారు. ఆ రాత్రే తెలుగువాళ్లు కొందరు విడిగా కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తర్వాతి కాలపు ఆంధ్ర మహాసభకి మూలం అదే. 1934 జులైలో ఆర్ట్స్ కాలేజీకి పునాదిరాయి వేశారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోల్కొండ కవుల సంచిక తెచ్చింది కూడా 1934లోనే. ఒకచోట ఉర్దూకి రాతి మేడ లేస్తోంది. ఇంకోచోట తెలుగువాళ్లు మేమూ ఉన్నామని కాగితం మీద సాక్ష్యం కూడబెడుతున్నారు.

*

ఈ మేడలకి ముందు ఈ నేల ఎవరిది? ఇఫ్లూ, ఉస్మానియా ప్రాంగణాలు ఉన్న ఈ అడిక్‌మెట్ నేలలో చాలా భాగం ఒకప్పుడు ఒక కవయిత్రి జాగీరు. మహ్‌లఖా బాయి చందా. 1768లో పుట్టి 1824లో పోయింది. నర్తకి, గాయని, నిజాం దర్బారులో పలుకుబడి ఉన్న మనిషి. 125 గజళ్ల దివాన్ కూర్చుకుంది. 1799లో ఆమె కెప్టెన్ మాల్కమ్‌కి బహూకరించిన ప్రతి లండన్ చేరింది. ఆమె సమాధి మౌలాలి గుట్ట కింద, తల్లి కోసం ఆమే కట్టించుకున్న ఆవరణలో ఉంది. ఇక్కడ మిగిలింది ఆమె పేరుతో పిలిచే మెట్లబావి. చాన్నాళ్లు చెత్తతో, పిచ్చిచెట్లతో పూడిపోయి ఉండేది. ఈ మధ్యే పూడిక తీసి బాగుచేశారు.

బావి గట్టున నిలబడితే ఒకటి అనిపించింది. మహ్‌లఖా ఉర్దూ వెనక కమిటీ లేదు, ఫర్మానా లేదు. ఆ భాష దక్కను గల్లీల్లో తెలుగుతో, మరాఠీతో ఒరుసుకుంటూ పెరిగింది. వందేళ్ల తర్వాత అదే భాష యూనివర్సిటీ భాషగా పై నుంచి దిగేసరికి పక్కింటి మనిషి కాస్తా తహసీల్దారు అయిపోయింది. భాష ఒకటే, వచ్చిన దారి వేరు. ఉర్దూ మీద తెలుగువాళ్లకి కోపం ఉండేదా అంటే, ఉండేది భాష మీద కాదు, దారి మీద అంటాను.

బావి చుట్టూ ఉన్న ఇఫ్లూ పుట్టుక కూడా చెప్పుకోవాలి. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్. ఆ వెంటనే ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది. ముప్ఫై ఏళ్లు కష్టపడి కూర్చిన పదకోశాలు, పాఠ్యపుస్తకాలు రాత్రికి రాత్రి పాత కాగితాలయ్యాయి. మధ్యలో దీన్ని హిందీ మాధ్యమంలో కేంద్ర విశ్వవిద్యాలయం చెయ్యాలనే ఆలోచన కూడా నడిచింది గానీ నిలవలేదు. 1958లో, ఎన్ఐఎన్ వచ్చిన ఏడాదే, ఈ ప్రాంగణం పక్కన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు. అదే తర్వాత సీఫెల్ అయి, 2007లో ఇఫ్లూ అయింది. 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వచ్చింది. దేశభాషలో చదువు అనే ప్రయోగం జరిగిన చోటే, పదేళ్లు తిరక్కుండా ఇంగ్లీషు ఎలా నేర్పాలో దేశానికంతటికీ నేర్పే సంస్థ.

ఉర్దూ పోయి తెలుగు రాలేదన్నది గమనించాలి. మెజారిటీ భాష తన వంతు వస్తుందని చూస్తూ నిలబడితే, పక్కనుంచి ఇంకొకరు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. దాని దెబ్బ కూడా వెంటనే తగిలింది. ఉర్దూలో చదువుకున్న స్థానికులు ఒక్కసారిగా చదువురానివాళ్ల కింద లెక్కయ్యారు. ఇంగ్లీషు వచ్చిన బయటివాళ్లు కొలువుల్లోకి వచ్చారు. 1952లో జరిగిన ముల్కీ ఆందోళన వెనక, సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర జరిగిన కాల్పుల వెనక, ఈ భాషమార్పిడి కూడా ఒక కారణం. ఉద్యోగాల గొడవ అని మనం తేలిగ్గా రాసేస్తాం. ఏ భాషలో వచ్చిన డిగ్రీకి విలువ అనేది కూడా అందులో ఉంది.

*

మిట్టమధ్యాహ్నం ఆర్ట్స్ కాలేజీ చేరాను. ఎన్నిసార్లు చూసినా ఆ గులాబీ గ్రానైట్ ముందు మనిషి కాసేపు మాట్లాడకుండా నిలబడతాడు. చోటు ఎంపికకి ప్యాట్రిక్ గెడెస్‌ని సలహా అడిగారు. మన ఇంజనీర్లు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ దేశదేశాల యూనివర్సిటీలు చూసొచ్చారు. కైరో దగ్గర హెలియోపోలిస్ నగరానికి పనిచేసిన బెల్జియం ఆర్కిటెక్ట్ జాస్పర్ ప్లాను గీశాడు. 1939 డిసెంబరు 4న నిజాం ప్రారంభించాడు. పైన కోసుగా లేచిన ఇస్లామీ కమాను, లోపల అజంతా ఎల్లోరాలని గుర్తుచేసే స్తంభాలు. అన్నిటినీ కలుపుకుపోతామని రాయి చెబుతోంది.

రాయి చెప్పినంత తేలిగ్గా మనుషులు చెప్పలేకపోయారు. ఈ మేడ ఇంకా లేస్తుండగానే, 1938 చివర్లో, హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థుల్ని బయటికి పంపేశారు. వాళ్లలో చాలామందిని నాగ్‌పూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. వరంగల్‌లో చదువుతూ అదే గొడవలో బహిష్కారానికి గురై నాగ్‌పూర్ పోయిన కుర్రాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆయనే 1968లో తెలుగు అకాడమీకి మొదటి అధ్యక్షుడయ్యారు. డిగ్రీ చదువులకి తెలుగులో పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు. అంటే దారుల్ తర్జుమా యాభై ఏళ్ల కిందట ఉర్దూకి మొదలుపెట్టిన పని. తెలుగుకి ఆ పని మొదలవడానికి అర్ధ శతాబ్దం పట్టింది. అప్పటికే పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేయగలిగినవాళ్లు వేసేస్తున్నారు. తెలుగు మీడియం డిగ్రీ వేరే దారి లేనివాళ్ల డిగ్రీ అయిపోయింది.

అయినా వాళ్లే ఈ మెట్ల మీద చరిత్ర రాశారు. 1969 తెలంగాణ ఉద్యమం, ఆ తర్వాత 2009 చలికాలం. జిల్లాల నుంచి, తెలుగు మీడియం నుంచి, ఇంట్లో మొదటి డిగ్రీగా వచ్చిన పిల్లలు. ఈసారి గొడవ తెలుగుకీ ఇంగ్లీషుకీ మధ్యే కాదు. ఏ తెలుగు అనే ప్రశ్న కూడా. సినిమాల్లో రౌడీలకీ పనిమనుషులకీ మాత్రమే పెట్టే యాసలో ఇక్కడ ఉపన్యాసాలు జరిగాయి, పాటలు పుట్టాయి. 1921లో తెలుగులో మాట్లాడితే నవ్వారు. ఆ తర్వాత తెలంగాణ తెలుగు మాట్లాడితే తెలుగువాళ్లే నవ్వారు. ఈ మెట్ల మీద ఎవరూ నవ్వలేదు. ఎన్‌సీసీ గేటు దగ్గర 2010 ఫిబ్రవరిలో సిరిపురం యాదయ్య ఒంటికి నిప్పంటించుకున్నాడు. అటువైపు నడిచి, కాసేపు ఆగి, వెనక్కి తిరిగాను. అక్కడ నిలబడి రాసుకోడానికి నాకు ఏ మాటా దొరకలేదు.

*

సాయంత్రం లైబ్రరీ వైపు వచ్చాను. లోపల చోటు చాలక చెట్ల కింద, గట్ల మీద, ప్లాస్టిక్ కుర్చీల్లో చదువుకుంటున్నారు. అంతా పోటీ పరీక్షల పిల్లలే. ఒకమ్మాయి పక్కన జాగా ఉంటే కూర్చున్నాను. వనపర్తి దగ్గర ఊరట. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఒళ్లో పెద్ద లాంగ్ నోట్‌బుక్, ఎడమ పేజీ ఇంగ్లీషులో, కుడి పేజీ తెలుగులో.

"రెండూ ఎందుకమ్మా?" అన్నాను.

"మంచి మెటీరియల్ అంతా ఇంగ్లీషులనే ఉంటది గదక్కా. నేను రాసేది తెలుగుల. గందుకే ఎప్పటిదప్పుడు మార్చుకుంటున్న."

"ఫిస్కల్ డెఫిసిట్‌కి ఏం రాశావు?"

"ద్రవ్యలోటు. అకాడమీ పుస్తకంల ఇంకో మాట ఉన్నది. నాకు ఇది మంచిగ అర్థమైంది, ఇదే రాసుకున్న." ఇంకో పేజీ తిప్పి చూపించింది. ఒక ఇంగ్లీషు మాటకి ఎదురుగా మూడు తెలుగు మాటలు రాసి, రెండు కొట్టేసింది.

ఏ మాట తియ్యాలి, దేన్నుంచి తియ్యాలి, ఏది జనానికి అందుతుంది? 1917లో జీతాలిచ్చి, కమిటీలు వేసి, కవుల్నీ పండితుల్నీ కూర్చోబెట్టి ఈ పని చేయించారు. ఇప్పుడు వనపర్తి పిల్ల చెట్టు కింద, దోమలు కొట్టుకుంటూ, ఒక్కతే చేసుకుంటోంది. పక్క కుర్చీలో ఇంకొకరు అదే పుస్తకాన్ని మళ్లీ మొదట్నుంచి అనువాదం చేసుకుంటున్నారు. ఆ పక్కన ఇంకొకరు. ఇన్ని వందల నోట్‌బుక్కులు, ఒక్కటీ ఇంకొకరికి పనికిరాదు. పరీక్ష అయిపోతే అన్నీ తూకానికి పోతాయి.

ఉస్మానియా తొలినాళ్ల ప్రయోగం ఓడిపోయిందని చరిత్ర పుస్తకాలు ముగిస్తాయి. నాకలా అనిపించదు. భాషని ఎంచుకోవడంలో అది తప్పటడుగు వేసింది. కానీ పిల్లల బదులు అనువాదం చెయ్యాల్సింది యూనివర్సిటీ అన్న మాట మాత్రం సరైనదే. ఆ సరైన మాట ఉర్దూతోపాటు పాతరపడింది. దాన్ని తవ్వి తీసి తెలుగుకి వాడుకోమని ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా అడగలేదు.

లైట్లు వేశారు. అమ్మాయి టార్చి వెలుగులో పెట్టిన ఫోను ఆర్పి, కుడి పేజీలో సగంలో ఆగిన వాక్యం దగ్గర మళ్లీ పెన్ను పెట్టింది.